మనుషులు లేని ఫొటోలు

టాంజానియా నుంచి వచ్చాక ఓ ఆదివారం ఫొటోలన్నీ టీవీలో వేసి ఇంటిల్లిపాదికీ చూపించాం. సింహం కనిపించినప్పుడల్లా పిల్లలు ఒకటే గోల. మావయ్యగారు మాత్రం పడక్కుర్చీలో కూర్చుని ఊకొడుతున్నారు. మధ్యలో ఒక్క జంతువు కూడా లేని ఫొటో ఒకటి వచ్చింది. చీలమండ దాటని పచ్చగడ్డి, ఆకాశం కలిసేదాకా అదే. "అది అలా ఉంచమ్మాయ్" అన్నారు. "ఇంత నేల చదునుగా పడుంది. ఎవరూ దున్నరేం? ఎవరిదిది?"

"నేషనల్ పార్కు మావయ్యా, గవర్నమెంటుది."

"ఇప్పుడు గవర్నమెంటుదే. అంతకుముందు?"

ఆయన తెనాలి పక్కన పల్లెలో పుట్టి, గట్ల తగాదాల మధ్యే పెరిగిన రైతు. ఖాళీ నేల కనిపిస్తే దాని వెనక ఎవరో ఒకరి పేరు ఉండి తీరాలని ఆయన లెక్క. ఆ రాత్రి ఫోనులో ఆల్బమ్ మొదట్నుంచి మళ్లీ తిప్పాను. మేమూ, మా టోపీలూ, జంతువులూ, గడ్డీ. తర్వాత మేమూ, సముద్రమూ, కొబ్బరిచెట్లూ. మా కుటుంబం కాని మనిషి ఉన్న ఫొటో కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

సరిగ్గా అప్పుడే డల్లాస్ నుంచి మా ఆడపడుచు తన ప్లాన్ వాట్సాప్‌లో పడేసింది. తరంగిరే, గోరొంగోరో, సెరెంగెటి, మూడూ జంతువుల్ని చూసే చోట్లే, ఆఖర్న జాంజిబార్ దీవి. "వదినా, సఫారీ అయ్యేసరికి పిల్లలు డీలా పడిపోతారు కదా, తర్వాత బీచ్‌లో ఏ పనీ పెట్టుకోకుండా పడుంటాం. ఎలా ఉంది?" తనకి రాసిన జవాబు వాట్సాప్‌లో ఇమడలేదు, ఇక్కడికొచ్చింది.

నేననేది ఇది. సఫారీ, ఆ తర్వాత బీచ్ అనే ఈ ప్యాకేజీ రెండు సగాల్లోనూ మనకి అమ్మే సరుకు ఒకటే: ఖాళీ. మనుషులు లేని మైదానం, మనుషులు లేని ఒడ్డు. ఆ రెండూ దేవుడిచ్చినట్టుగా అలా ఉన్నవి కావు, ఎవరినో పక్కకి జరిపితే ఖాళీ అయినవి. అది తెలుసుకుని వెళ్తే సరదా తగ్గుతుందని చాలామంది భయం. నాకైతే తెలిసినచోటే ఎక్కువ నచ్చింది.

ఎందుకు దున్నరంటే

మావయ్యగారి మొదటి ప్రశ్నకి జవాబు తేలిక. ఆ ఫొటో తీసింది సెరెంగెటి దక్షిణం వైపు, న్‌డూటు దగ్గర. తూర్పున ఓల్ డోయిన్యో లెంగాయ్ అనే అగ్నిపర్వతం ఉంది. ఆ చుట్టుపక్కల కొండలు వేల ఏళ్లపాటు చిమ్మిన బూడిద గాలికి కొట్టుకొచ్చి అక్కడ పరుచుకుంది. వానలకి ఆ బూడిదలోని సున్నం కిందికి దిగి, పైపొర కిందే సిమెంటులా గట్టిపడింది. చెట్టు వేరు దాన్ని చీల్చలేదు, గడ్డి వేరుకి మాత్రం చాలు. గడ్డి పొట్టిదే అయినా కాల్షియం, ఫాస్ఫరస్ దండిగా ఉంటాయి. అందుకే జనవరి చివర నుంచి మార్చి దాకా విల్డబీస్ట్ అనే పెద్ద జింకల మందలన్నీ ఈనడానికి అక్కడికే చేరతాయి.

ఒకటి ఈనడం చాలా దగ్గర్నుంచి చూశాం. దూడ నేలమీద పడగానే తల్లి నాకడం మొదలుపెట్టింది. దూడ ముందుకాళ్ల మీద లేవబోయి ముక్కు నేలకి కొట్టుకుంది. మళ్లీ లేచింది, పక్కకి పడింది. ఐదారు నిమిషాల్లో నిలబడి, తల్లి కడుపు కిందికి కాకుండా పొరపాటున మా జీపు వైపు నడవబోయింది. అంతదాకా మాట్లాడుతూనే ఉన్న మా డ్రైవరు టక్కున ఇంజన్ ఆపేశాడు. తల్లి వచ్చి మూతితో నెట్టుకుపోయింది. దూరంగా రెండు హైనాలు పడుకుని ఉన్నాయి, వాటికి తొందరేం ఉన్నట్టు లేదు.

రెండో ప్రశ్న, అంతకుముందు ఎవరిది అన్నది, మనల్ని ఎక్కడికో తీసుకెళ్తుంది. 1880ల చివర్లో ఇటలీ సైన్యం కోసం ఎర్రసముద్రం ఒడ్డున మసావా రేవులో పశువుల్ని దింపారు. వాటితో రిండర్‌పెస్ట్ అనే పశువుల రోగం దిగింది. ఆ పశువులు మన దేశం నుంచే వెళ్లాయని చాలామంది చరిత్రకారులు రాస్తారు. పదేళ్లు తిరక్కుండా ఆ రోగం ఖండం ఈ కొస నుంచి ఆ కొస దాకా పాకింది. తూర్పు ఆఫ్రికాలో పది పశువులుంటే తొమ్మిది పోయాయని అంచనా. అక్కడ పశువులు మేపుకుని బతికే మసాయిలకి పశువే తిండి, పశువే ఆస్తి. వెనకే మశూచి, కరువు. 1892లో ఆస్కార్ బౌమన్ అనే ఆస్ట్రియా యాత్రికుడు గోరొంగోరో వచ్చేసరికి అతనికి ఎదురైంది ఎముకల గూళ్లలాంటి మనుషులు.

మందలూ మనుషులూ తగ్గిన నేలలో పొదలు పెరిగాయి, పొదల్లో సెట్సీ ఈగ పెరిగింది, ఆ ఈగ ఉన్నచోట పశువు బతకదు. తర్వాత వచ్చిన తెల్లవాళ్లకి అది మనిషి అడుగుపెట్టని ఆదిమ ఆఫ్రికాలా కనిపించింది. 1951లో సెరెంగెటి నేషనల్ పార్కు అయింది. 1959లో మసాయిలని అక్కడి నుంచి పంపించేసి, పక్కనే గోరొంగోరో కన్జర్వేషన్ ఏరియా అని విడదీసి, అక్కడ పశువులు మేపుకుంటూ ఉండొచ్చన్నారు.

ఇందులో నాకు బాగా పట్టుకున్న సంగతి ఇంకోటుంది. 1960ల మొదట్లో విల్డబీస్ట్‌లు రెండున్నర లక్షలే ఉండేవి. 1970ల చివరికి పదమూడు లక్షలు దాటాయి. పార్కు కాపలా ఒక్కదానివల్లే కాదు. చుట్టుపక్కల పల్లెల్లో ఆవులకి రిండర్‌పెస్ట్ టీకాలు వేశారు, ఆవుల్లో రోగం ఆగేసరికి అడవి మందల్లోనూ ఆగిపోయింది. అంటే మనం గ్రేట్ మైగ్రేషన్ అని లక్షలు పోసి చూసే ఆ మంద, పార్కు బయట ఎవరివో ఆవులకి గుచ్చిన సూదుల వల్ల అంతైంది. ఇది చెప్పగానే మావయ్యగారు లేచి కూర్చున్నారు. వాళ్ల చిన్నప్పుడు ఊరి పశువులన్నిటినీ బందెలదొడ్డి దగ్గరికి తోలి వరసగా సూదులు వేయించడం ఆయనకి గుర్తు. 2011లో ఆ రోగం భూమ్మీద లేదని ప్రకటించారని చెబితే, "మరి ఆ సంగతి మీ గైడు చెప్పలేదా?" అన్నారు. చెప్పలేదు. మేం అడిగిందల్లా చిరుత ఎక్కడుంది అనే.

డ్రైవరు చెప్పింది

ఇంతదాకా చదివి, ఇక సఫారీలే మానెయ్యమంటావా అని మీరనొచ్చు. అనను. ఇక్కడే నాకూ తకరారు ఉంది.

మా డ్రైవరుది కారాతు. గోరొంగోరో గేటుకి ముందు వచ్చే చివరి టౌను అది. ఆ దారిలో ఒక చోటు చూసి తీరాలి. కొండవాలు మీద మొక్కజొన్న, గోధుమ చేలు ఎర్రటి మట్టితో ఎగబాకి, ఒక గీత దగ్గర కత్తిరించినట్టు ఆగిపోతాయి. గీత అవతల అడుగు నుంచే చిక్కటి అడవి. "ఆ గీత లేకపోతే?" అని నేనే అడిగాను. "మా వాళ్లు పైదాకా దున్నేసేవాళ్లు, నీళ్లు పోయేవి" అన్నాడు మరో ఆలోచన లేకుండా. మసాయిల విషయం ఎత్తితే కాస్త తగ్గి, "మేడమ్, మీరు జాలిపడి ఇంటికి వెళ్లిపోతారు. నా పిల్లల ఫీజులు ఈ బండి మీద వస్తాయి" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

డబ్బు లెక్క చూసినా అతను చెప్పిందే నిజం. సెరెంగెటిలో సీజన్లో మనిషికి రోజుకి 70 డాలర్లు, దానిమీద 18 శాతం వ్యాట్. గోరొంగోరో క్రేటర్ అనే గిన్నెలాంటి లోయ అడుక్కి బండి దిగాలంటే పన్ను కాకుండా విడిగా 250 డాలర్లు. ఈ రాబడి లేకపోతే వేటగాళ్ల నుంచి ఖడ్గమృగాన్ని కాపాడే రేంజరుకి జీతం ఎక్కణ్ణుంచి వస్తుంది? మనుషుల్ని రానిచ్చి ఉంటే ఆ దూడ పుట్టిన మైదానం మిగిలేదా? ఏమో. గోరొంగోరోలో 1959లో ఎనిమిది వేల మంది ఉంటే ఇప్పుడు లక్ష దాకా ఉన్నారు. వాళ్ల పశువులూ పెరిగాయి. ఇది ఉత్తమాట కాదు.

అయితే ఆ లక్ష మందిని కదిలించే పద్ధతి చూస్తే మళ్లీ మనసు అటు మొగ్గుతుంది. లోపల వ్యవసాయం కూడదన్నారు, క్రేటర్ అడుక్కి పశువుల్ని దింపకూడదన్నారు. ఇప్పుడు కొన్నేళ్లుగా వందల కిలోమీటర్ల దూరంలో హండేని జిల్లా మ్సోమెరాకి వెళ్లమంటున్నారు. స్వచ్ఛందమే అంటుంది ప్రభుత్వం. స్కూళ్లకీ ఆసుపత్రులకీ నిధులు ఆపి పంపేదాన్ని స్వచ్ఛందం అనరు అంటారు మసాయిలు. 2022 జూన్‌లో సెరెంగెటి తూర్పు అంచున లోలియోండోలో 1,500 చదరపు కిలోమీటర్లకి హద్దురాళ్లు పాతబోతే గొడవలయ్యాయి, కాల్పులయ్యాయి, ఒక పోలీసు చనిపోయాడు.

ఇది మనకి తెలియని కథా? నల్లమలలో పులుల కోసం చెంచుల్ని మైదానానికి రమ్మంటున్నది ఇదే మాటతో కదా. కుటుంబానికి 15 లక్షలు, స్వచ్ఛందం. ఫర్హాబాద్ వ్యూ పాయింట్ దగ్గర జీపెక్కి లోయని చూసి రీల్ పెట్టుకుని వచ్చేవాళ్లం మనమే. పులి దగ్గర చెంచు ఉండటం కొత్త కాదు, రిసార్టు ఉండటమే కొత్త. కాకపోతే ఇక్కడ మనకి ఆ ఊళ్ల పేర్లు తెలుసు, వాదించడానికి భాష ఉంది. అక్కడ కిటికీ అద్దం అవతల ఎర్ర దుప్పటి కప్పుకున్న మనిషి ఒక రంగు మాత్రమే.

మధ్యేమార్గం లేదనీ కాదు. కెన్యాలో మసాయి మారా రిజర్వు చుట్టూ నబోయిషో, ఓలారే మొటొరోగి లాంటి కన్జర్వెన్సీలు ఉన్నాయి. అక్కడ భూమి మసాయి కుటుంబాల పేరునే ఉంటుంది, క్యాంపులు వాళ్లకి కౌలు కడతాయి, పశువుల్ని ఎప్పుడు ఎక్కడ మేపాలో ఒప్పందం ఉంటుంది. ఒక సింహం దగ్గరికి ఎన్ని జీపులు వెళ్లొచ్చో కూడా లెక్క ఉంటుంది. ఖరీదు ఎక్కువ. కౌలు డబ్బు ఏ ఇంట్లో ఎవరి చేతికి వెళ్తుందన్న గొడవలు అక్కడా ఉన్నాయి. కౌలు అనే మాట వినగానే మావయ్యగారు మొత్తం సిస్టమ్‌ని పట్టేశారు. "ఎకరానికెంత?" అనడిగారు.

బోమా విజిట్ అని ఒకటి పెడతారు ప్లాన్‌లో. మసాయి ఇంటి ఆవరణలోకి డబ్బు కట్టి వెళ్తాం, వాళ్లు గెంతి చూపిస్తారు, మనమూ గెంతుతాం, పూసల దండలు కొంటాం. మనుషుల్ని చూడ్డం అంటే ఇదేగా అంటే, నాకు ఎబ్బెట్టుగానే అనిపించింది. కానీ అక్కడ దండలమ్మిన ఆవిడ మావారి బేరానికి నవ్విన నవ్వు నిజం నవ్వే. ఆ దండకి ఆయన ఇచ్చిన రేటు చూస్తే ఎవరైనా నవ్వుతారు.

ఒళ్లు హూనమయ్యాక సముద్రం

సఫారీ తర్వాత విశ్రాంతి కావాలి, ఇందులో వాదనే లేదు. తెల్లారకముందే లేవడం, రోజంతా దుమ్ము, నాబీ హిల్ గేటు దాకా ఆ గతుకుల రోడ్డు. ఆఫ్రికన్ మసాజ్, ఇది ఫ్రీ అని ప్రతి డ్రైవరూ వేసే జోకు నడుం పట్టేశాక జోకులా ఉండదు. సెరెంగెటి లోపలి సెరోనెరాలో పన్నెండు సీట్ల సెస్నా విమానం ఎక్కి జాంజిబార్‌లో దిగేసరికి జుట్టులో సెరెంగెటి సగం మాతోనే వచ్చింది. స్నానం చేస్తే నీళ్లు టీ రంగులో పోయాయి.

మేం దిగింది తూర్పు ఒడ్డున, జంబియాని వైపు. పొద్దున్నే తెర తీస్తే సముద్రం లేదు! ఆటుకి నీళ్లు కిలోమీటరు దూరంలో ఉన్న పగడపు దిబ్బ దాకా వెళ్లిపోయాయి. బ్రోషర్లో ఈ బొమ్మ ఉండదు. రిసెప్షన్‌లో ఆటుపోట్ల టైమ్‌టేబుల్ అతికించి ఉంటుంది, చాలామంది అది చూసి మొహం చిట్లించుకుంటారు. నీళ్లు వెళ్లిన ఆ తెల్లటి బురదలోకి పొద్దున్నే ఆడవాళ్లు దిగారు. రంగురంగుల గుడ్డలు నడుముకి బిగించి, తలమీద సంచులు. రెండు కర్రముక్కల మధ్య తాడు, తాడు పొడుగునా జానెడు దూరానికొక నాచు కొమ్మ. ఒకావిడ పిల్లకొమ్మ తుంచి, సన్న దారంతో తాడుకి ముడేసి, తర్వాతదానికి జరుగుతోంది. వంగిన నడుము ఎత్తలేదు. మన నాట్లు చూసినవాళ్లకి ఆ వంపు కొత్త కాదు.

ఆ నాచు సాగు జాంజిబార్‌లో 1989లో మొదలైంది. చేసేది ఎక్కువమంది ఆడవాళ్లే. ఎండబెట్టి ఎగుమతి చేస్తే దాన్నుంచి కారజీనన్ తీస్తారు. మన ఐస్‌క్రీముల్లో, టూత్‌పేస్టుల్లో చిక్కదనం దానిదే. మంచి ధర పలికే రకం నీళ్లు వేడెక్కి చచ్చిపోతోంది. బతికే రకానికి ధర తక్కువ. లోతు నీళ్లలో వేస్తే ఆ మంచి రకం నిలుస్తుంది కానీ ఈ ఆడవాళ్లలో చాలామందికి ఈత రాదు. సముద్రం ముంగిట్లో పుట్టిన వాళ్లకి ఈత రాకపోవడం ఏమిటో మన చీరాల, వాడరేవు ఆడవాళ్లని అడిగితే చెబుతారు.

మా హోటల్లో దిగిన మన దేశపు జంట ఒకటి ఫొటోషూట్ పెట్టుకుంది. తెల్ల గౌను, ఫొటోగ్రాఫరు, అంతా సిద్ధం. వెనక ఆ ఆడవాళ్లు ఫ్రేములోకి వస్తున్నారని, కాసేపు పక్కకి వెళ్లమని చెప్పండి అని హోటల్ కుర్రాణ్ణి పంపారు. అతను బీచ్‌లోకి నాలుగడుగులు వేసి, అటు చూసి, ఇటు చూసి, తిరిగొచ్చి "మేడమ్, గంటన్నరలో నీళ్లొస్తాయి, వాళ్లే వెళ్తారు" అన్నాడు. ఎంత మర్యాదగా చెప్పాడో! ఆ గౌను పిల్లని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ప్యాకేజీలో ఖాళీ బీచ్ అని రాసిచ్చారు, డబ్బు కట్టింది, అడిగింది.

ఇక స్టోన్ టౌన్, జాంజిబార్ పాతబస్తీ. చాలా ప్లాన్లలో దీనికి ఎయిర్‌పోర్టుకి పోయే దారిలో అరపూట ఇస్తారు. నా దృష్టిలో ట్రిప్ మొత్తానికి తాళంచెవి అక్కడుంది. సఫారీలో మనం మురిసిపోయి చూసే ఏనుగు, పంతొమ్మిదో శతాబ్దంలో దంతాలై, బానిసలూ కూలీలూ మోయగా లోపలి దేశం నుంచి ఈ రేవుకే వచ్చేది. ఇక్కణ్ణుంచి ఓడల్లో బొంబాయికి. సుల్తాను కస్టమ్స్ వసూలు గుత్తకి తీసుకున్నది జైరాం శివ్‌జీ కంపెనీ, కచ్ఛీ భాటియాలు. లోపలికి వెళ్లే కారవాన్లకి అప్పులిచ్చినవాళ్లలో మన గుజరాతీ షావుకార్లు ముందున్నారు. ఆ దంతం మళ్లీ కచ్, గుజరాత్ పెళ్లికూతుళ్ల చేతికి గాజులు. కాబట్టి ఆ చరిత్రలో మనం ప్రేక్షకులం మాత్రమే కాదు. 1873లో మూసేసిన బానిసల సంత ఉన్నచోట ఇప్పుడు ఆంగ్లికన్ చర్చి ఉంది. దాని పక్కన ఒక గుంటలో రాతి మనుషులు, మెడలకి గొలుసులు. మా అబ్బాయి అక్కడ అడిగిన ప్రశ్నలు సెరెంగెటిలో అడిగినవాటి కంటే ఎక్కువ.

ఒక్క స్పైస్ టూర్ మాత్రం తెలుగువాళ్లు మానెయ్యొచ్చు. మిరియం తీగ చూపించి, ఇదేమిటో చెప్పుకోండి అంటారు. పసుపు కొమ్ము విరిచి చూపిస్తారు. యాలకులు, దాల్చినచెక్క, కరివేపాకు. పక్కన జర్మనీవాళ్లు నోరెళ్లబెట్టి చూస్తుంటే మేం మా వంటింట్లో మేమే టికెట్ కొనుక్కుని తిరుగుతున్నట్టుంది. లవంగం చెట్టు ఒక్కటి చూడదగ్గది, మొగ్గ గుత్తి పచ్చిగా ఉన్నప్పుడే ఆ ఘాటు.

మా ఆడపడుచు ప్లాన్‌కి సవరణలు

నీకు ఇన్ని చెప్పాక, పనికొచ్చేవి నాలుగు ముక్కలు. తరంగిరే తీసెయ్. ఏనుగులు బాగుంటాయి, నిజమే, కానీ రోజుకో పార్కు అని పరిగెత్తితే దేనిదగ్గరా బండి ఆపి కూర్చోలేరు. ఆ రాత్రిని న్‌డూటుకి కలుపు. గోరొంగోరో దారిలో డ్రైవర్ని జంతువుల గురించే కాక ఊళ్ల గురించి కూడా అడుగు. వాళ్లకి చెప్పాలని ఉంటుంది, అడిగేవాళ్లే ఉండరు. పిల్లలకి నీలం, నలుపు బట్టలు సర్దకు, సెట్సీ ఈగలు వాటిమీదే వాలతాయి. చిన్న విమానంలో మనిషికి 15 కిలోలే, అదీ గట్టి సూట్‌కేసు కాకుండా మెత్తటి బ్యాగు. పచ్చడి సీసాలు దాంట్లోంచే లెక్క. ప్లాస్టిక్ కవర్లు 2019 నుంచి ఆ దేశంలో నిషేధం, కాబట్టి పొడులు డబ్బాల్లో తీసుకెళ్లు. తిరుగు ప్రయాణంలో హైదరాబాద్ వస్తున్నావు కాబట్టి నీ రూటుకి ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ కావాలో లేదో ముందే కనుక్కో, సూది వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. చివరి నిమిషంలో టెన్షన్ పడకు. జాంజిబార్ వేరుగా 44 డాలర్ల ఇన్సూరెన్స్ కట్టించుకుంటుంది, అది మర్చిపోయి ఎయిర్‌పోర్టులో లైన్లో నిలబడేవాళ్లు చాలామంది.

బీచ్ తియ్యమనను, తగ్గించమంటాను. ఉత్తరాన నుంగ్వీలో నీళ్లు అంతగా వెనక్కి పోవు, ఈత కోసమే అయితే అదే మంచిది. కానీ తూర్పు ఒడ్డున ఒక రాత్రైనా ఉండు. పాజెలో ఆ నాచుతో సబ్బులు చేసే ఆడవాళ్ల కేంద్రం ఉంది, ఆటు టైములో వాళ్లే మనల్ని నాచు మళ్ల దగ్గరికి తీసుకెళ్తారు. డబ్బు ఆ ఫోటో వెనక ఉన్న మనుషులకి చేరే దారి నాకు తెలిసినంతలో అదొకటి. స్టోన్ టౌన్‌కి రెండు రాత్రులు ఇవ్వు. సాయంత్రం ఫొరోధాని తోటలో ఉరోజో తిను. పుల్లమామిడి, పసుపు వేసిన పులుసులో బజ్జీలు, బంగాళాదుంప ముక్కలు, కర్రపెండలం చిప్స్ వేసి ఇస్తారు. వెజ్ కావాలంటే మాంసం ముక్కలు తీసి ఇస్తారు, కానీ గరిటె అదే, అది నీ ఇష్టం.

ఇదంతా పంపితే మా ఆడపడుచు ఒక్క రాత్రికి ఒప్పుకుంది. రెండోదానికి ఇంకా బేరం నడుస్తోంది. స్టోన్ టౌన్‌లో ఆ పాత ఇళ్లల్లో ఏసీ ఉంటుందా అని అడిగింది. ఉంటుంది. కరెంటు పోతే మాత్రం టెర్రస్ మీదికి వెళ్లాలి.